అస్సామీ, నేపాలీ: సోనిత్‌పూర్‌లో ఉద్యోగం, ముందు ఏది నేర్చుకోవాలి?

రమణ, బొబ్బిలి:

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగిని. వచ్చే నెల అస్సాంలో, తేజ్‌పూర్‌కి కొంచెం దూరంగా ఉన్న ఒక పల్లె బ్రాంచిలో చేరాలి. నాకిచ్చింది పాడి రుణాలు, వ్యవసాయ రుణాలు చూసే సీటు. అక్కడ పనిచేసి వచ్చినాయన ఒకరు ఫోన్లో చెప్పారు: ఖాతాదారుల్లో సగంమంది అస్సామీ మాట్లాడతారట, పాలవాళ్ళు చాలామంది నేపాలీ మాట్లాడతారట. నాకు హిందీ బాగానే వచ్చు.

కొన్ని వీడియోలు చూశాను. రెండింట్లోనూ భాత్, పానీ, దుయి, హాత్ వినపడుతున్నాయి. ఒకటి వస్తే రెండోది దానంతట అదే వచ్చేస్తుందా? "నేపాలీ అంటే హిందీయే, చివర ఛ పెడితే సరి" అని ఒకాయన అన్నారు, అది నిజమేనా? ఉన్నది నెలరోజులు. దేనిమీద కూర్చోమంటారు?

సుభద్ర, ఇచ్ఛాపురం:

రమణ గారూ, మావారు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా మేం తేజ్‌పూర్ పక్కనే సలోనిబారిలో ఉండేవాళ్ళం. నేను అక్కడే ఒక బళ్ళో పాఠాలు చెప్పాను. కూరగాయలమ్మే బైదేవు (అస్సామీలో అక్క) దగ్గర అస్సామీ నేర్చుకున్నాను, ఇంటికి పాలు పోసే దీదీ దగ్గర నేపాలీ. ఈ రెండు భాషలంటే నాకు ప్రాణం. కాబట్టి జవాబు పొడుగ్గానే ఉంటుంది.

ముందు అస్సామీ నేర్చుకోండి. అస్సాంలో పుట్టి పెరిగిన నేపాలీవాళ్ళు బయటి పనులకి అస్సామీ మాట్లాడతారు. వాళ్ళలో చాలామంది అస్సామీ బళ్ళలో చదువుకున్నవాళ్ళే. అస్సామీవాళ్ళకి నేపాలీ రావడం మాత్రం అంత మామూలు విషయం కాదు. అలాగని నేపాలీని పక్కన పెట్టేయకండి. మీది పాడి సీటు కాబట్టి అది మీకు రోజూ పనికొస్తుంది.

ఒకటి వస్తే రెండోది రాదు. ఇవి ఒక భాషకి రెండు యాసలు కావు. అస్సామీకి తోబుట్టువులు బెంగాలీ, ఒడియా. నేపాలీ హిమాలయాల వెంబడి నడిచొచ్చిన భాష, దాని చుట్టాలు కుమావోనీ, గఢ్వాలీ. పశ్చిమ నేపాల్లో కర్నాలీ వైపు ఉన్న సింజా లోయ దాని పుట్టిల్లు, పాత పేరు ఖస్ కురా. భాత్, పానీ, హాత్ లాంటివి ఉత్తరాది భాషలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. వాటిని చూసి దగ్గరితనం లెక్క కట్టకూడదు. క్రియ చివర ఏముందో చూడండి, అక్కడ తెలిసిపోతుంది.

మా ఊరు ఒడిశా సరిహద్దు కాబట్టి ఒడియా నాకు చిన్నప్పట్నించీ చెవిన పడిందే. తిన్నాడు అనడానికి ఒడియాలో "ఖాఇలా", అస్సామీలో "ఖాలే". తింటాడు అని రేపటి సంగతి చెప్పాలంటే ఒడియాలో "ఖాఇబ", అస్సామీలో "ఖాబొ". జరిగిపోయినదానికి ల, జరగబోయేదానికి బ. బెంగాలీలోనూ ఇదే పద్ధతి. నేపాలీలో ఈ ల, బ రెండూ కనపడవు. తిన్నాడు అంటే "ఖాయో", తింటాను అంటే "ఖానేఛు". నేను ఒడియా చెవితో అస్సామీలోకి సులువుగా దిగిపోయాను. నేపాలీని మాత్రం మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక మన తెలుగువాళ్ళకి పనికొచ్చే సంగతి. హిందీలో లేదన్నా కాదన్నా "నహీఁ" ఒక్కటే. మనకి రెండు మాటలున్నాయి కదా, అస్సామీలోనూ నేపాలీలోనూ కూడా రెండున్నాయి. అస్సామీలో "నాయ్" అంటే లేదు, "నొహొయ్" అంటే కాదు. నేపాలీలో "ఛైన" అంటే లేదు, "హోఇన" అంటే కాదు. డబ్బు లేదు అనాలంటే "పొయిసా నాయ్", "పైసా ఛైన". తినలేదు అనడానికి మనం తిను దగ్గర లేదు పెట్టినట్టే వాళ్ళూ పెడతారు: "ఖొవా నాయ్", "ఖాఏకో ఛైన". హిందీ మీదుగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ తడబడటం చూశాను. మీరు హిందీని మధ్యలోకి రానివ్వకుండా నేరుగా తెలుగులోంచి వెళ్ళండి.

వ్యతిరేకం చెప్పే పద్ధతిలో మాత్రం రెండూ చెరో దారిన పోయాయి. నేపాలీలో క్రియ చివర పెడతారు, మన రాస్తాను, రాయను లాగే: "లేఖ్ఛు" అంటే రాస్తాను, "లేఖ్దిన" అంటే రాయను. అస్సామీలో క్రియకి ముందు న చేరుతుంది. ఆ న కూడా ఒక్క తీరుగా ఉండదు, క్రియలో ఉన్న అచ్చుని బట్టి మారిపోతుంది. తెలియదు అంటే "నాజానోఁ", రాయను అంటే "నిలిఖోఁ", అర్థం కాదు అంటే "నుబుజోఁ". నా, ని, ను. మొదట్లో కంగారుగా ఉంటుంది గానీ పులికి, చెట్టుకు అని మనం కి, కు మార్చుకుంటాం చూడండి, మన నోటికి ఆ అలవాటు ఉన్నదే. నెల తిరగకముందే పట్టుబడుతుంది.

వాక్యం చివర "ఉంది, అవును" లాంటి క్రియ అక్కర్లేకపోవడం అస్సామీలో నాకు బాగా నచ్చిన విషయం. మీ పేరేమిటి? "ఆపొనార్ నామ్ కి?" అంతే. మా ఇల్లు తేజ్‌పూర్‌లో: "మొర్ ఘొర్ తేజ్‌పూరొత్". తెలుగులో ఎక్కడ ఆగుతామో అక్కడే ఆగారు. నేపాలీలో అలా వదిలేస్తే వెలితిగా ఉంటుంది. "తపాఈఁకో నామ్ కే హో?", "మేరో ఘర్ తేజ్‌పూర్‌మా ఛ" అని ముగించాలి. మీకు ఎవరో చెప్పిన ఛ ఇదే. కానీ నేపాలీలో ఛ ఒక్కటే లేదు, హో కూడా ఉంది. ఫలానా చోట ఉంది అనడానికి ఛ, ఇది ఫలానాది అనడానికి హో. ఒకదాని చోట ఒకటి పడితే వాక్యం కుదరదు.

ఇప్పుడు ఉచ్చారణ. చదివిన అస్సామీకీ విన్న అస్సామీకీ దూరం ఎక్కువ. రాతలో ఉన్న శ, ష, స మాట మొదట్లో గొంతులోంచి రాసుకుంటూ వచ్చే ఒక ధ్వనిగా పలుకుతాయి. మన ఖ కాదు, హ కాదు, ఆ రెంటి మధ్యది. ఏడుని నేపాలీవాళ్ళు "సాత్" అంటే అస్సామీవాళ్ళది ఇంచుమించు "ఖాత్". మీ జిల్లా పేరు బోర్డు మీద సోనిత్‌పూర్, జనం నోట "ఖొనిత్‌పూర్". (మన పురాణాల్లో బాణాసురుడి శోణితపురం అదేనని అక్కడివాళ్ళు చెబుతారు. ఉషాపరిణయం కథ తెలిసినదాన్ని కాబట్టి అగ్నిగఢ్ కొండెక్కిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది.) కొన్ని మాటల చివర్లో అదే స హ అయిపోతుంది. వెదురు నేపాలీలో "బాఁస్", అస్సామీలో "బాఁహ్". పది "దస్", "దొహ్". చ, ఛ రెండూ అస్సామీ నోట స అయిపోతాయి. అందుకే టీ అక్కడ "సాహ్". నేపాలీ ఇంట్లో అదే "చియా". నాలుగు "సారి", "చార్".

ఇంకొకటి, ట, త తేడా అస్సామీ మాటలో లేదు. అక్షరాలు రెండూ ఉన్నాయి, నోట్లో మాత్రం ఆ రెంటికీ మధ్యన ఒక్కటే పలుకు. నేపాలీలో మనలాగే ట వేరు, త వేరు. నేపాలీ పలకడం మనకి సులువు, అస్సామీ వాక్యం కట్టడం సులువు. నా అనుభవం అది.

చివరగా మీ సీటుకి కావలసిన మాటలు. పాలు అస్సామీలో "గాఖీర్", నేపాలీలో "దూధ్". గేదె "మొహ్", "భైఁసీ". ఎంత అని అడగడానికి "కిమాన్", "కతి". ఆవు దగ్గర మాత్రం కాస్త చూసుకోండి. అస్సామీలో "గొరు" అంటే ఆవైనా ఎద్దైనా, పశువు. ఆడదని తేల్చి చెప్పాలంటే "గాయ్ గొరు" అంటారు. నేపాలీలో "గోరు" అంటే ఎద్దు, "గాఈ" అంటే ఆవు. పాడి రుణం కాగితం మీద ఎద్దు పడకూడదు కదా, ఏ భాషవాళ్ళు ఎదురుగా ఉన్నా "గాయ్" అని అడిగి నిర్ధారించుకోండి. అది ఇద్దరికీ తెలుస్తుంది.

కంభం నుంచి, మాజీ సైనికుడు:

సుభద్ర గారు చాలా చక్కగా రాశారు. నేపాలీ గురించి నేను కొంచెం కలుపుతాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో ఉండగా గోర్ఖా పల్టన్‌కి అటాచ్‌మెంట్ మీద పనిచేశాను. గోర్ఖా రెజిమెంట్లలో అధికారులు కూడా నేపాలీ నేర్చుకోవాల్సిందే. మందులిచ్చేవాడికి ఇంకా అవసరం. కడుపునొప్పిని హిందీలో చెప్పలేక కుర్రాళ్ళు ఇబ్బంది పడేవాళ్ళు.

హిందీకి ఛ తగిలిస్తే నేపాలీ అనే మాటని నేను ఒప్పుకోను. హిందీలో "మైనే రోటీ ఖాయీ" అంటాం, అక్కడ క్రియ రొట్టెని బట్టి మారింది. నేపాలీలో "మైలే రోటీ ఖాఏఁ", క్రియ తిన్నవాణ్ణి బట్టే. మేం తిన్నాం అంటే "హామీలే రోటీ ఖాయౌఁ". ఆ "లే" చూసి హిందీ "నే" అనుకుంటాం గానీ క్రియ నడక మనదే: తిన్నాను, తిన్నాం.

లెక్కపెట్టడం కూడా మనకి దగ్గర. ఇద్దరు మనుషులు, రెండు పుస్తకాలు అని మనం వేరు చేస్తాం. వాళ్ళు "దుఈజనా మాన్ఛే", "దుఈవటా కితాబ్" అంటారు. మనిషికి జనా, మిగతావాటికి వటా. హిందీలో ఈ పద్ధతి లేదు.

మర్యాదలో నాలుగు మెట్లున్నాయి. "తఁ" చిన్నపిల్లలకి, బాగా చనువున్నవాళ్ళకి. "తిమీ" తోటివాళ్ళకి. "తపాఈఁ" పెద్దలకి, కొత్తవాళ్ళకి. ఆపైన "హజుర్". రమణ గారు బ్యాంకులో కూర్చునేటప్పుడు "తపాఈఁ"తోనే మొదలుపెట్టండి. దానికి క్రియ కూడా మారుతుంది: తింటారు అంటే "ఖానుహున్ఛ". పొడుగ్గా ఉన్నా అది నోటికి పట్టేదాకా వదలొద్దు. ఎదుటివాళ్ళ వయసు చూసి దాయ్, దీదీ, భాయ్, బహినీ అని వరస కలిపితే చాలు, మనిషి దగ్గరవుతాడు.

రమణ, బొబ్బిలి:

సుభద్ర గారూ, సర్, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. రాసుకున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు. మొదటిది లిపి. నేపాలీది దేవనాగరి కాబట్టి చదవగలను. అస్సామీ లిపి బెంగాలీదే అంటున్నారు, బెంగాలీ పుస్తకంతో నేర్చుకోవచ్చా? రెండోది, కాగితాల్లో శర్మ, ఛెత్రీ, బొరా, సైకియా అని ఇంటిపేర్లు ఉంటాయట. పేరు చూసి ఎవరు ఏ భాషవాళ్ళో చెప్పొచ్చా?

వరంగల్ అమ్మాయి, ఐఐటీ గువాహటి:

లిపి సంగతి నేను చెప్తా అన్నా. అక్షరాలు దాదాపు ఒకటే, బెంగాలీ పుస్తకంతో మొదలుపెట్టినా తప్పులేదు. కానీ రెండు అక్షరాలు వేరు. ర బెంగాలీలో బ కింద చుక్క పెట్టి రాస్తారు, అస్సామీలో బ లోపల అడ్డంగా ఏటవాలు గీత గీస్తారు. వ అస్సామీకి విడిగా ఉంది, బెంగాలీలో లేదు. ఫోన్లో కీబోర్డు పెట్టుకునేటప్పుడు అస్సామీ అని ఉన్నదే ఎంచుకోండి. బెంగాలీ ర తో అస్సామీ రాసి పంపితే ఇక్కడివాళ్ళకి నొప్పిగా ఉంటుంది. నా రూమ్మేట్ జోర్హాట్ అమ్మాయి, ఆమె దగ్గరే తెలిసింది. ఊరికే కాదు, దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. సుభద్ర ఆంటీ చెప్తే బాగుంటుంది.

సుభద్ర, ఇచ్ఛాపురం:

చెప్తానమ్మా. బ్రిటిష్‌వాళ్ళు 1836లో అస్సాం కోర్టుల్లో, బళ్ళలో బెంగాలీ పెట్టారు. అస్సామీ విడిగా ఒక భాష కాదనీ, బెంగాలీకి ఒక యాస అనీ వాదించేవాళ్ళు. 1873 దాకా అలాగే నడిచింది. సొంత ఊళ్ళో, సొంత కోర్టులో, ఇంకో భాషలో అర్జీ రాసుకోవాల్సిన బతుకు. అస్సామీ విడి భాషేనని ఆనందరామ్ ఢేకియాల్ ఫుకన్ లాంటి అస్సామీవాళ్ళు ఎదురు వాదించారు. శివసాగర్‌లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1846లో "అరుణోదయ్" పత్రిక అస్సామీలో మొదలుపెట్టారు. పద్నాలుగో శతాబ్దంలోనే మాధవ కందలి రామాయణం రాసిన భాష అది! అలాంటి భాష తనకంటూ ఉనికి ఉందని రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. 2024లో ప్రాచీన భాష హోదా వచ్చింది. అందుకే ఆ ర లోపలి గీత వాళ్ళకి అంత ముఖ్యం.

నేపాలీది ఇంకో రకం బాధ. భారతదేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం నేపాలీ మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 29 లక్షల పైచిలుకు. ఒక్క అస్సాంలోనే ఆరు లక్షలకి దగ్గర. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో అస్సామీ మొదటినుంచీ ఉంది, నేపాలీ చేరింది 1992లో, కొంకణి, మణిపురితో కలిసి. 1826 యాండబో సంధి తర్వాత అస్సాం బ్రిటిష్ చేతికి వచ్చినప్పటినుంచీ గోర్ఖా సిపాయిలు అక్కడికి వస్తూనే ఉన్నారు. పశువులు మేపుకునేవాళ్ళు బ్రహ్మపుత్ర ఒడ్డున, నది మధ్య ఇసుక లంకల్లో గేదెల మందలతో స్థిరపడ్డారు. మీ ఎదుట కూర్చునేది బహుశా వాళ్ళ మనవలు, మునిమనవలు. అలాంటివాళ్ళని "మీదే దేశం?" అని అడిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా పాలదీదీని నా కళ్ళముందే ఒకావిడ అలా అడిగింది. దీదీ నోట మాట రాలేదు. ఆమె తాత కూడా అదే ఊళ్ళో పుట్టాడు. బ్యాంకులో కూర్చున్న మనిషి నోటినుంచి ఆ ప్రశ్న రానే కూడదు, చెయ్యెత్తి దండం పెట్టి అడుగుతున్నాను.

పేర్ల సంగతి. బొరా, సైకియా, హజారికా అంటే అస్సామీ అనుకోవచ్చు. ఛెత్రీ, థాపా, తమాంగ్, రాయ్ అంటే నేపాలీ మాట్లాడేవాళ్ళు కావచ్చు. తమాంగ్, రాయ్, మగర్, లింబూల తాతముత్తాతల సొంత భాషలు వేరు, నేపాలీ వాళ్ళందర్నీ కలిపిన భాష. శర్మ దగ్గర పేరుని నమ్మొద్దు. అస్సామీ బ్రాహ్మలూ శర్మలే, నేపాలీ బ్రాహ్మలూ శర్మలే. టీతోటల నుంచి వచ్చేవాళ్ళది మళ్ళీ వేరే మాట, ఝార్ఖండ్ వైపు సాద్రి కలిసిన తోట భాష. వాళ్ళలో బ్రిటిష్ కాలంలో మన గంజాం, విశాఖ వైపు నుంచి తీసుకెళ్ళినవాళ్ళ సంతతి కూడా ఉంది. కాబట్టి పేరు చూసి కాకుండా పలకరించి చూడండి.

వరసల్లో అస్సామీ సొగసు ఒకటి చెప్పడం మర్చిపోయాను. నాన్న "దెఉతా". మా నాన్న "మొర్ దెఉతా", నీ నాన్న "తొమార్ దెఉతారా", వాడి నాన్న "తార్ దెఉతాక్". మర్యాదగా మీ నాన్నగారు అన్నా ఆ క తోకే. ఎవరి నాన్న అన్నదాన్ని బట్టి నాన్న అనే మాటకే తోక మారుతుంది. అమ్మా అంతే: "మొర్ మా", "తార్ మాక్". నేపాలీలో "మేరో బువా", "ఉస్కో బువా", బువా మారదు. రుణం కాగితంలో తండ్రి పేరు అడిగేటప్పుడు మీరు "ఆపొనార్ దెఉతాకొర్ నామ్ కి?" అనండి. ఆ క దగ్గర ఎదుటి మనిషి తలెత్తి చూస్తాడు. నేపాలీవాళ్ళతో "తపాఈఁకో బువాకో నామ్ కే హో?" అనాలి.

బల్ల దగ్గరికి ఎవరొచ్చినా ముందు "నొమొస్కార్, భాలే ఆసేనే?" (నమస్కారం, బాగున్నారా?) అని అస్సామీలో అడగండి. చివరి "నే" మన "ఉన్నారా"లో ఆ లాంటిది, ప్రశ్న గుర్తు. తిరిగి అస్సామీలోనే గబగబా మాట్లాడితే అలాగే కానివ్వండి. పాలవాళ్ళు తమలో తాము "ఛ, ఛైన" అనుకుంటూ వినపడితే అప్పుడు "సంచై హునుహున్ఛ, దాయ్?" (బాగున్నారా, అన్నా?) అనండి. రెండూ ఇవాళే కంఠతా పట్టేయండి. మిగతావి నెలలో రోజుకిన్ని చూసుకుందాం, మీరు అడుగుతూ ఉండండి, నేను రాస్తూ ఉంటాను.